ఏడు రాళ్ళ దగ్గర

గార్ల పక్కనున్న తండా మీదుగా రోడ్డు పడుతుందో లేదో తేల్చేది ఢిల్లీ కూడా కాదట. ఒక పెద్ద దేశం సముద్రాల పొడుగునా రేవులు కట్టుకుంటూ పోతోందట. దానికి పోటీగా ఇంకో దేశం, మన బొగ్గునూ మిర్చినీ రేవుకు చేర్చే రోడ్డుకు డబ్బు పెడతానందట. తండా కుర్రాడు వీరేందర్ ఇదంతా చాయ్ హోటల్ దగ్గర చెబుతుంటే, ఆ రెండు దేశాలకూ పంచాయితీ పెద్ద తనేనేమో అనిపించేది.

అయితే డబ్బు పెట్టే బ్యాంకుకు ఒక నియమం ఉంది. రోడ్డు కింద ఎవరి దేవుడూ నలగకూడదు. ఆ సంగతి అక్కడివాళ్ళనే, వాళ్ళ భాషలోనే అడగాలి. అందుకే విదేశీ మేడం ఒకామె తండాకు బయల్దేరింది. లంబాడీ మాటను ఇంగ్లీషులో చెప్పడానికి రోడ్డు వేసే కంపెనీ వీరేందర్‌ను పెట్టుకుంది.

"గుడి గిడి ఉన్నదంటే రోడ్డు ఏండ్లకేండ్లు ఆగుతది తమ్మీ. నీ నౌకరీ గూడ ఆగుతది," అన్నాడు కంపెనీ ఇంజనీరు, మేడం కారు ఎక్కకముందే.

"గుడేం లేదు సార్," అన్నాడు వీరేందర్.

గుడి లేనిమాట నిజమే. రోడ్డు పడే దారిలో, వేపచెట్టు కింద మట్టి గద్దె మీద ఏడు రాళ్ళున్నాయి, అంతే. సీత్లా భవాని, ఆమె అక్కచెల్లెళ్ళు. ఏటా ఆషాఢంలో ఆ రాళ్ళ ముందు గుగ్గిళ్ళు చల్లి, తండా పశువులన్నిటినీ ఆ గుగ్గిళ్ళ మీదుగా దాటిస్తారు. దాటితే రోగం రాదు. చిన్నప్పుడు వీరేందర్ దూడ మెడ పట్టుకుని తనూ దాటేవాడు. హన్మకొండ హాస్టల్లో ఎవడో "మీరు రాళ్ళకు మొక్కుతరంట గదా" అని నవ్వినప్పటి నుంచి ఆ గద్దె పేరెత్తడం మానేశాడు. చదువుతోపాటు అంటుకున్న సిగ్గు అది, బుద్ధిలేని సిగ్గు.

తండాలో మేడం మంచం మీద కూర్చుని అడిగింది. "ఈ దారిలో మీరు పూజించే చోటు ఏదైనా ఉందా?"

వీరేందర్ ఆ ప్రశ్నను తన నాయినమ్మ లచ్చికి లంబాడీలో సరిగ్గానే చెప్పాడు. ముసలామె ముఖం వెలిగిపోయింది. వేపచెట్టు వైపు చెయ్యి చూపిస్తూ, ఏడుగురు తల్లుల పేర్లూ చెప్పి, తన అత్త ఆ గద్దె అలికిన రోజుల దాకా వెళ్ళింది.

"ఏమంటోంది?"

"ఏమీ లేదంటోంది మేడం. పండగలకు గార్ల గుడికి పోతారట."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! మేడం 'లేదు' అని రాసుకుంది. తన మాటే రాసుకుంటున్నారనుకుని లచ్చి మురిసిపోయింది. మేడం చెయ్యి పట్టుకుని లేపింది.

"రా బిడ్డా, చూపిస్త."

ఇంజనీరు గొణుగుతూ వెనకే నడిచాడు. గద్దె దగ్గర లచ్చి చెప్పులు విడిచి, కొంగు నెత్తి మీదకు లాక్కుంది. మేడం ఆమె కాళ్ళ వైపు చూసింది. పసుపు పూసిన రాళ్ళ వైపు చూసింది. వంగి తన బూట్ల లేసులు విప్పింది. ఇంజనీరు బతకనేర్చినవాడు, వెంటనే అతనూ విప్పాడు.

బూట్లతో మిగిలింది వీరేందర్ ఒక్కడే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెవులు మండిపోతున్నాయి. ఇన్నేళ్ళూ ఆ రాళ్ళను తలచుకుని సిగ్గుపడ్డవాడికి, ఇప్పుడు తన నోటిని తలచుకుంటే సిగ్గేసింది.

మేడం అతని వైపు తిరగకుండానే అంది. "ఇందాకటి ప్రశ్న మళ్ళీ అడుగు."

వీరేందర్ నాయినమ్మ వైపు తిరిగి అడిగాడు.

లచ్చి ఆశ్చర్యంగా మనవడి ముఖంలోకి చూసింది.

"ఇంతసేపు గదే గదరా చెప్పిన," అంది. "నువ్వు చెప్పలేదా?"