నాలుగో దెబ్బ

మా పెద్దమ్మ షెడ్డులో డబ్బా మూతలు కొట్టే పాత ప్రెస్ ఒకటుంది. మూడు దెబ్బలు చకచకా వేసి, నాలుగోదానికి మాత్రం కాస్త నీలిగి ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యం మీదే నా సంగీతమంతా కట్టాను. కింద ఇనుము మోత, దాని సందులో నా సింథసైజర్. ఇన్నాళ్లూ సబ్బుల ప్రకటనలకు టింగుటింగుమనిపించి పొట్ట పోసుకున్నదాన్ని. ఇవాళ మ్యూజిక్ కంపెనీ ఆయన షెడ్డుకే వచ్చి వింటానన్నాడు. నచ్చితే నా మొదటి ఆల్బమ్! పొద్దున్నించీ నా కాళ్లు నేల మీద లేవు. “రికార్డు చేసింది ఎవరైనా వినిపిస్తారండీ, నేను మెషిన్ పక్కన నిలబడి వాయిస్తాను” అని గొప్పలు పోయింది కూడా నేనే.

మైకులు, వైర్లు మోసుకుని వెళ్లేసరికి ప్రెస్ నిగనిగలాడుతోంది.

“మెకానిక్‌ని పిలిచి బాగు చేయించానే. ఆ కుంటి నడక పోయింది!” అంది పెద్దమ్మ మురిసిపోతూ.

వైర్లు కింద పడేశాను. “ఎవరు చెయ్యమన్నారు?”

“ఒకరు చెప్పాలా? ఇంటికి మనుషులొస్తుంటే ఇల్లు సర్దుకోమా? పెద్దమనిషి ముందు అది కుంటితే నీ పరువేం కావాలి?”

మీట వేసి, ప్రెస్‌ని దానంతటదే నడవనిచ్చింది. టక్, టక్, టక్, టక్. గడియారం నయం. సింథసైజర్ మీద చెయ్యి వేస్తే నా స్వరాలు దూరడానికి సందే లేదు, ఒకదాని మీద ఒకటి పడి కొట్టుకున్నాయి.

“కొంప ముంచావు పెద్దమ్మా!”

“మంచికి పోతే నాకే అక్షింతలు!” అని మూతి ముడిచి మీట ఆపేసింది.

సరిగ్గా అప్పుడే కంపెనీ ఆయన గుమ్మంలోకి వచ్చాడు. నేను వైర్లు సర్దుతున్నట్టు తల దించుకున్నాను. పెద్దమ్మే తేరుకుని స్టూలు లాక్కుని కూర్చుంది. “చూడండి సార్, ఎంత బాగా నడుస్తోందో!” అంటూ రేకు పెట్టి, ఈసారి మీట బదులు పెడల్ తొక్కింది, ఒక్కో తొక్కుకీ ఒక్కో దెబ్బ.

టక్, టక్, టక్... టక్!

అప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇన్నేళ్లూ ఆ నాలుగో దెబ్బ కోసం ఆగీ ఆగీ ఆమె కాలికి అదే అలవాటైపోయింది. మెకానిక్ ప్రెస్‌ని బాగు చేశాడు గానీ పెద్దమ్మ కాలిని బాగు చెయ్యలేదు.

“ఆపకు పెద్దమ్మా, తొక్కుతూనే ఉండు!”

సింథసైజర్ మీద పడ్డాను. ఆమె కాలు ఆగిన ప్రతిచోటా నా స్వరం ఎగిరి దూకింది. పైకప్పు రేకులు గడగడలాడాయి, మూతలు నేల మీద చిందులు తొక్కాయి. అంత ఆనందం నేనెప్పుడూ ఎరగను. అరుస్తున్నానో వాయిస్తున్నానో కూడా తెలియలేదు. కంపెనీ ఆయన మొదట చెవులు మూసుకున్నాడు, తర్వాత చేతులు తీసేశాడు, చివరికి తలూపడం మొదలెట్టాడు.

“ఆల్బమ్ చేద్దాం” అన్నాడు మోత ఆగగానే. “కానీ మెషిన్ దగ్గర ఈవిడే ఉండాలి.”

నేను గెంతులేస్తుంటే పెద్దమ్మ మాత్రం ప్రెస్ వంక అనుమానంగా చూస్తోంది.

“ఉంటాను గానీ బాబూ, నాలుగోది ఇంకా ఆలస్యంగానే పడుతోంది, విన్నారా? ఆ మెకానిక్ నన్ను నిలువునా ముంచాడు. ఉండండి, ఇప్పుడే పిలుస్తాను.”

ఒక్క గెంతులో వెళ్లి ఆమె చేతిలో ఫోను లాక్కున్నాను.