అల్లుడి నున్నటి గడ్డం

రక్తపరీక్షలో హెపటైటిస్ సి ఉందని తేలిన రోజే మామగారి పళ్లెం, గ్లాసు, కుర్చీ వేరైపోయాయి. ఆ ఏర్పాట్లన్నీ ఇంట్లోనే ఉంటున్న అల్లుడివి. ముప్పై ఏళ్లు దర్జీ పని చేసిన మామగారు మొదట మూతి ముడుచుకున్నారు. కానీ తాను పట్టుకున్న టీవీ రిమోట్‌ని అల్లుడు ముట్టుకోవడం లేదని గమనించాక, ఆయనకి రోగం మీద మోజు పుట్టింది. పొద్దున్నే రిమోట్‌ని ఆసాంతం తడిమాకే ముఖం కడుక్కునేవారు.

ఆసుపత్రికి అల్లుడు రెండు మాస్కులు కట్టుకుని మరీ వెంట వచ్చాడు.

"కలిసి తింటేనో, ముట్టుకుంటేనో ఇది అంటదండీ," అంది డాక్టరమ్మ. "రక్తంలోంచి రక్తంలోకి పాకుతుంది. ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కాలేయాన్ని పాడుచేస్తుంది. మూడు నెలలు మాత్రలు వాడితే దాదాపు అందరికీ నయమైపోతుంది. మీ రేజరు మాత్రం ఎవరికీ ఇవ్వకండి."

రిమోట్ చేజారినట్టేనని మామగారు ఉసూరుమన్నారు. అంతలో రేజరు మాట గుర్తొచ్చి అల్లుడి వైపు తిరిగారు.

"నేనివ్వనమ్మా. కానీ కత్తెరలతో బతికినవాణ్ణి, పదును నాకు తెలుసు. మొన్న రోగం బయటపడేదాకా నా కొత్త బ్లేడు రెండో రోజుకే మొద్దుబారిపోయేది. ఎందుకంటారు అల్లుడుగారూ?"

అల్లుడి చెయ్యి తన నున్నటి గడ్డం మీదికి పోయింది. డాక్టరమ్మ ఇంకో పరీక్ష చీటీ తీసింది.

"కంగారుపడకండి," అన్నారు మామగారు ఆప్యాయంగా. "నా కుర్చీ పక్కనే మీకూ ఒకటి వేయిస్తాను. రిమోట్ మాత్రం నాదే."