ఎక్కువ అరిచే కప్పలు

“ఎక్కువ అరిచేవి ఇవ్వండి,” అన్నాను.

పెంపుడు జంతువుల దుకాణం అతను చేపల వల పక్కన పెట్టి నా వంక చూశాడు. “అరవనివి కదమ్మా?”

“అరిచేవే. గోడ అవతలికి కూడా వినపడాలి.”

“ఇంతవరకూ ఇలా అడిగింది మీరొక్కరే,” అంటూ గాజు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాడు. చెట్టుకప్పలు. నున్నగా, పచ్చగా, పిడికిలిలో పట్టేంత ఉన్నాయి. వేళ్ళ చివర గుండ్రటి బొడిపెలతో అద్దానికి అతుక్కుని ఎవరో చెప్పే సంగతి వింటున్నట్టు కూర్చున్నాయి.

“గొంతు కింద చర్మం వదులుగా ఉన్నవి చూడండి, అవి మగవి. మగవే అరుస్తాయి. ఆడవి నోరెత్తవు.”

నోరెత్తకుండా ఉండబట్టే కదా నా కుట్టు మిషన్ పోయింది అనుకుని, మగవాటినే రెండు ఇమ్మన్నాను.

మా ఇల్లు ఒకప్పుడు ఒకటే. మధ్యలో పల్చటి గోడ లేపి రెండు వాటాలు చేశారు. ఇవతల మేం, అవతల బావగారూ అక్కయ్యా. అక్కయ్యంటే నా తోడికోడలు. గోడ వారగా నా కుట్టు మిషన్ ఉండేది. పెళ్ళికి ముందు దర్జీ దుకాణంలో పనిచేసి సంపాదించుకున్నాను దాన్ని. స్కూలు యూనిఫాంలు, కర్టెన్లు, దిండు గలీబులు కుట్టేదాన్ని. అక్కయ్యకి మధ్యాహ్నం కునుకు పడాలి. కొంప మునిగినా ఆ కునుకుకి అడ్డం రాకూడదు. మిషన్ చప్పుడుకి తల పగిలిపోతోందని ఆవిడ అంటే, మిషన్ కాళ్ళ కింద గోనెపట్టా మడతపెట్టి వేశాను.

మా అమ్మకి కంటి ఆపరేషన్ అయితే వెళ్ళి కొన్నాళ్ళు ఉండి వచ్చాను. వచ్చేసరికి గోడ వారన గోనెపట్టా ఒక్కటే ఉంది.

“మా చెల్లి కుట్టు నేర్చుకుంటానంటే పంపించానమ్మా,” అంది అక్కయ్య, గిన్నె మూత ఇచ్చినంత తేలిగ్గా. “నువ్వెలాగూ లేవు కదా. అయినా మనలో మనకి నీదీ నాదీ ఏముంది?”

మనలో మనకి నీదీ నాదీ లేదనే మనిషి తన వంటింటి అలమరకి తాళం వేసి, తాళంచెవి నడుముకి కట్టుకుని తిరుగుతుంది.

మా ఆయన్ని అడిగితే, “అన్నయ్య వచ్చి తీసుకెళ్తానంటే కాదనలేకపోయాను. పోనిద్దూ, ఇంకోటి కొందాం,” అన్నాడు. నాకు ఇంకోటి అక్కర్లేదు. నాదే రావాలి. తీసుకెళ్ళిన చేతులతోనే తెచ్చి, ఆ గోనెపట్టా మీదే పెట్టాలి. అంతవరకూ ఆ ఇంట్లో ఎవరికీ మధ్యాహ్నం నిద్ర ఉండకూడదు.

కప్పల ఆలోచన, మిషన్ పోకముందు కుట్టిన కర్టెన్లు ఇవ్వడానికి ఒకావిడ ఇంటికి వెళ్ళినప్పుడు వచ్చింది. వాళ్ళ గదిలో తొట్టిలో ఇంత కప్ప, ఖాళీ డ్రమ్ములో కుక్క మొరిగినట్టు అరుస్తోంది. మేమిద్దరం ఒకరి మాట ఒకరికి వినపడక చేతులతో సైగలు చేసుకున్నాం. ఇంటికొచ్చేదాకా నవ్వుకుంటూనే ఉన్నాను.

మిషన్ ఉన్నచోటే తొట్టి పెట్టాను. కప్పలు అరవలేదు. మర్నాడూ అరవలేదు. పచ్చదనం పోయి బురద రంగుకి తిరిగాయి. కళ్ళు మూసుకుని మూల కూర్చున్నాయి. వాటికి మేతగా తెచ్చిన కీచురాళ్ళు మాత్రం డబ్బాలోంచి తప్పించుకుని గ్యాస్ పొయ్యి వెనకాల చేరి, చెవులు చిల్లులు పడేలా మోత మొదలుపెట్టాయి.

“నువ్వు పగ తీర్చుకుంటోంది ఎవరి మీద?” అని అడిగాడు మా ఆయన, చెవుల్లో దూది పెట్టుకుంటూ.

“తలుపు తీసి మిషన్ ఇచ్చినవాళ్ళ మీద కూడా.”

ఆయన దూది ఇంకాస్త లోపలికి నొక్కుకున్నాడు.

మళ్ళీ దుకాణానికి వెళ్ళాను. అతను ఒక్కొక్కటే అడిగాడు. ఏ నీళ్ళు పెట్టారు? కుళాయి నీళ్ళు. తొట్టి దేంతో కడిగారు? సబ్బుతో, తళతళలాడేలా. చేత్తో పట్టుకున్నారా? రోజూ, పలకరించడానికి.

“బతికే ఉన్నాయా?” అన్నాడు చివరికి.

“ఉన్నాయి. అరవట్లేదు.”

“కుళాయి నీళ్ళలో మందు కలుపుతారమ్మా. కప్ప నోటితో తాగదు, ఒంటితో తాగుతుంది. మీరు రాసిన సబ్బూ మందూ అంతా లోపలికి పోతుంది. భయపడ్డ కప్ప అరవదు. కడుపు నిండి, ఒళ్ళు తడిగా ఉండి, ఏ బెంగా లేకపోతేనే గొంతు విప్పుతుంది.”

అంటే అక్కయ్య నిద్ర చెడాలంటే ముందు వీటిని సుఖపెట్టాలి. సరే అన్నాను. అత్తవారింట్లో ఇంతమందిని సుఖపెట్టినదాన్ని, రెండు కప్పలు ఒక లెక్కా.

తొట్టిని ఉత్త నీళ్ళతో కడిగి, సబ్బు వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ కడిగాను. కుళాయి నీళ్ళలో మందు విరిగిపోవడానికి అతనిచ్చిన చుక్కలు వేసి, ఆ నీళ్ళే గిన్నెలో పోశాను. ఎక్కడానికి కొమ్మలు, దాక్కోవడానికి వెడల్పాటి ఆకులు పెట్టాను. ఇస్త్రీకి వాడే నీళ్ళ సీసా లాంటిదే కొత్తది కొని పొద్దునా సాయంత్రం చిలకరించాను. కీచురాళ్ళని కవర్లో వేసి, కాల్షియం పొడి పట్టేలా కుదిపి, చీకటి పడ్డాక వదిలాను. కప్పలు తినగా మిగిలినవి ఏరి తీసేశాను, వదిలేస్తే అవే కప్పల్ని కొరుకుతాయట. వాటిని ముట్టుకోవడం మానేశాను. అక్కయ్య మీద కోపం ఎక్కువైన రోజు తొట్టి మరీ శుభ్రంగా ఉండేది.

వారం తిరిగేసరికి రంగు తేరుకున్నాయి. సాయంత్రాలు ఒకటీ అరా కూత కూశాయి. కానీ ఆ వేళకి అక్కయ్య ఇంట్లో టీవీ మోగుతూ ఉంటుంది. నాకు మధ్యాహ్నం కావాలి.

నల్లటి లైనింగు గుడ్డ రెండు పొరలు వేసి, తొట్టికి సరిపోయేలా ముసుగు కుట్టాను. మిషన్ లేదు కాబట్టి చేత్తోనే కుట్టాను. ప్రతి కుట్టుకీ ఆవిడ పేరు తలుచుకున్నాను. భోజనాలయ్యాక, అవతల మంచం కిర్రుమన్న శబ్దం వినపడగానే తొట్టిలో బాగా నీళ్ళు చిలకరించి, గాలి ఆడేంత సందు వదిలి ముసుగు వేశాను. లోపల చీకటీ, వానా.

“క్రాక్,” అంది ఒకటి. రెండోది అందుకుంది. ఇక ఆగలేదు. ఒకదాన్ని మించి ఒకటి, గొంతు సంచులు ఉబ్బించుకుని గోడంతా మోగించేశాయి. అవతల మంచం కిర్రుమంది. మళ్ళీ కిర్రుమంది. నేను కుర్చీ లాక్కుని గోడకి చెవి ఆనించి కూర్చున్నాను. మా పెళ్ళి మేళం కూడా అంత శ్రద్ధగా వినలేదు.

నాలుగో మధ్యాహ్నం అక్కయ్య వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

“ఏంటమ్మా ఆ గోల?”

“కప్పలక్కా. పెంచుకుంటున్నాను.”

“కప్పల్నా? మనుషులు పెంచుకునేవేనా అవి?”

“ఖాళీగా ఉన్నాను కదక్కా. చేతికి పని లేదు.”

ఆవిడ తొట్టిని చూసింది. దాని కింద ఉన్న గోనెపట్టాని చూసింది. మనిషి తెలివితక్కువది కాదు.

“వాటిని తీసేయ్.”

“అది నా మిషన్ చోటు. మిషన్ వస్తే ఇవి వాటంతటవే లేస్తాయి.”

“చెల్లికి ఇచ్చింది వెనక్కి అడగమంటావా? నాకు తలకొట్టేసినట్టు ఉండదూ?”

“నీ చెల్లిని అడగడానికి నీకు సిగ్గేస్తోంది. నన్ను అడక్కుండా తీసుకెళ్ళడానికి వెయ్యలేదు.”

అక్కయ్య విసురుగా వెళ్ళిపోయింది. ఆ మధ్యాహ్నం నేను ఇంకాస్త ఎక్కువ నీళ్ళు చిలకరించాను.

ఆదివారం బావగారు ఆటోలోంచి మిషన్ దించారు. మా ఆయన రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ నా మొహం చూడకుండా తెచ్చి గోనెపట్టా మీద పెట్టారు. అక్కయ్య గుమ్మంలో నిలబడి, “ఇంక ఆ కప్పలు గోడ దగ్గర ఉండకూడదు. మాటివ్వు,” అంది.

“ఉండవక్కా,” అన్నాను. అన్నట్టే తొట్టిని వీధి వైపు గదిలోకి, గోడకి దూరంగా మార్చాను. మాట తప్పే అలవాటు నాకు లేదు.

సోమవారం మధ్యాహ్నం యూనిఫాం ప్యాంట్ల గుట్ట ముందేసుకుని, దారం ఎక్కించి, మోటారు పెడల్ మీద కాలు వేశాను. మిషన్ గర్రుమంది. మరుక్షణం వీధి గదిలోంచి కప్పలు అంతకు ముందెన్నడూ లేనంత గట్టిగా బదులిచ్చాయి. కాలు తీశాను. ఆగాయి. వేశాను. అందుకున్నాయి. నా మిషన్ కూడా మరో మగ కప్పే అనుకుని పోటీ పడుతున్నాయి.

అక్కయ్య జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చేసింది.

“మాటిచ్చావు.”

“వెళ్ళి చూసుకో అక్కా. గోడ దగ్గర లేవు.”

“మరెందుకు అరుస్తున్నాయి?”

“మిషన్ చప్పుడుకి.”

ఆవిడ కుడిచెయ్యి నడుం దగ్గరున్న తాళంచెవిని పట్టుకుని ఉంది.

“కాసేపు ఆపుతావా అమ్మా?” అంది. “నేను పడుకునేదాకా.”

అడక్కుండా తీసుకెళ్ళిన మనిషి అడిగింది. ఈ ఒక్క మాట తల పగిలిపోతోందన్న రోజే అడిగి ఉంటే కాసేపు కాదు, పూటంతా ఆపేదాన్ని.

“ఈ ఒక్క ప్యాంటూ అయ్యాక, అక్కా,” అన్నాను. ఆవిడ గడప దాటేదాకా ఆగి, గుట్టలోంచి ఇంకోటి లాగి, కాలు వేశాను.