నూట పన్నెండు చీటీలు, ఒక్క చేతిరాత

పెద్దక్క చెయ్యి వేడి రోలర్ల మధ్యకు పోయినప్పుడు సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి అడిగిన మొదటి మాట, "ఆ దుప్పటి ఏ ఆసుపత్రిది?" అని.

నేను పక్కనే ఉన్నాను. నా చెవులారా విన్నాను. చెయ్యి సంగతి అడగలేదు, దుప్పటి సంగతి అడిగాడు. రోలరు ఆపే మీట ఆ చివర గోడకు ఉంది. బాయిలర్ మామ తడినేల మీద జారుతూ పడుతూ వెళ్ళి దాన్ని కిందికి లాగేసరికి పెద్దక్క అరవడం కూడా మానేసింది. కుడిచేతి వేళ్ళు నాలుగు పోయాయి. బొటనవేలు మిగిలింది.

మాది బట్టలుతికే కార్ఖానా. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు బండ్లకొద్దీ వస్తాయి. ఉతికి, పిండి, తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని రెండు వేడి రోలర్ల మధ్యకు అందిస్తే అవతలి వైపు ఇస్త్రీ అయి వస్తుంది. ఆ రోలర్ల ముందు ఒకప్పుడు ఇనుప అడ్డుకడ్డీ ఉండేది. దానికి వేలు తగిలితే చాలు, మిషను టక్కున ఆగేది. దుప్పటి అంచు కాస్త మందంగా ఉన్నా ఆగేది. రోజుకు ఇరవైసార్లు ఆగుతోందని మేనేజరు దాన్ని ఊడదీయించాడు. ఆ కడ్డీని అమ్మలేదు, పారెయ్యలేదు. సామాన్ల గదిలో గోడకు ఆనించి ఉంది. నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోయే పని.

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో మేం గెలవలేదు. గెలిచిన కథ కావాలంటే ఇంకెవరినైనా అడగండి, నా దగ్గర లేదు.

పెద్దక్క వేళ్ళు పోయిన పదకొండో రోజున గోడ మీద నోటీసు అంటించారు. నెలాఖరున ఉద్యోగుల అభినందన దినమట. మా శ్రమకు కృతజ్ఞతగా మనిషికో బహుమతి అట. ఏం కావాలో మమ్మల్నే ఎంచుకోమన్నారు. తలా ఒక చీటీ పంచారు. చీటీ మీద నాలుగు బొమ్మలు: ఫ్లాస్కు, గోడగడియారం, చేతిసంచి, రగ్గు. నచ్చినదాని పక్కన టిక్కు పెట్టాలి. కింద 'ఇతరం' అని రాసి ఒక గీత వదిలారు. పేరు రాయనక్కర్లేదన్నారు.

మధ్యాహ్నం తిండి వేళ మడతల గదిలో ఆ చీటీల గురించే గోల.

"రగ్గట! పొద్దస్తమానం దుప్పట్లతో చచ్చేవాళ్ళకి రగ్గట!" అని ఒకామె పడీపడీ నవ్వింది.

"గడియారమే నయం," అన్నాడు బాయిలర్ మామ. "ఇంట్లో కూడా డ్యూటీ టైము చూసుకుంటూ కూర్చోవచ్చు."

"మీకు వేళాకోళంగా ఉంది. నాకు ఫ్లాస్కు కావాలి," అంది పిండే మిషను ఆమె. "మా అత్తకి తెల్లారేలోపు మూడుసార్లు వేడినీళ్ళు కావాలి. మూడుసార్లూ లేచి పొయ్యి వెలిగించేది నేనే. ఊరికే ఇస్తానంటే ఎందుకొద్దంటాను?"

"ఊరికేనా? పెద్దక్క నాలుగు వేళ్ళూ ఊరికేనా?" అంది పంతులమ్మ.

పంతులమ్మ అంటే బడిలో చెప్పే మనిషి కాదు. పదో తరగతి దాకా చదివింది. దుప్పటి అంచు మీద ఏ ఆసుపత్రిదో, ఏ హోటలుదో గుర్తు వేసే బల్ల ఆమెది. ఆ సిరా ఎన్నిసార్లు ఉడకబెట్టినా పోదు. మా ఇళ్ళకొచ్చే కాగితాలు చదివిపెట్టేది, మా దరఖాస్తులు రాసేది ఆ పిల్లే. నన్ను పిన్నీ అని పిలిచేది. చుట్టరికమేమీ లేదు, నోరారా పిలిచేది.

"ఇతరం అని గీత వదిలాడు కదా," అన్నాను నేను. "అందరం దాని మీద ఒక్కటే రాద్దాం. రోలరుకి అడ్డుకడ్డీ పెట్టించండి అని. ఏం కావాలని వాడే అడిగాడుగా!"

నవ్వులు ఆగిపోయాయి. మా చేతిరాత హాజరు పుస్తకంలో ఉంది, గుర్తుపడతాడని కొందరన్నారు. అసలు రాయడమే రాదని సగంమంది అన్నారు.

"అయితే పంతులమ్మ రాస్తుంది. అన్నీ ఒకే చేత్తో ఉంటే ఏది ఎవరిదో వాడి తాత కూడా కనిపెట్టలేడు," అన్నాను.

ఆహా, ఏం తెలివి నాది! అందరూ మెచ్చుకున్నారు కూడాను. పంతులమ్మ మాత్రం నా మొహంలోకి చూసింది.

"అన్నీ నా రాతేనా పిన్నీ?"

"నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి తల్లీ. నువ్వే రాయాలి," అన్నాను.

రెండు రోజులు తిండి మానుకుని రాసింది. ఒక్కొక్కరూ వచ్చి నోటితో చెప్పాకే రాసింది. పెద్దక్కది ఆమె ఇంటికి వెళ్ళి అడిగి రాసింది. చెప్పని చీటీ ఒక్కటి కూడా ముట్టుకోలేదు. మధ్యమధ్య చెయ్యి విదిలించుకునేది. ఆఖరున పిండే మిషను ఆమె కూడా వచ్చి, "సరే, నాదీ అదే రాయి. మా అత్తకి నేను లేస్తాలే," అంది. మొత్తం నూట పన్నెండు చీటీలు డబ్బాలో పడ్డాయి.

మూడో రోజు పొద్దున్నే మమ్మల్నందరినీ ఆవరణలో నిలబెట్టారు. మేనేజరు చీటీల కట్ట పట్టుకుని వచ్చాడు.

"నాకు చాలా బాధగా ఉంది. మీకు మంచి చేద్దామని అడిగితే మీ అందరి నోళ్ళూ ఒక్కరు నొక్కేశారు. చూడండి, అన్నీ ఒకటే చేతిరాత! ఇది మీ కోరిక కాదు. మీ చీటీలు దొంగతనంగా రాసిన మనిషి కోరిక. కాదు, మేమే రాయించుకున్నాం అనేవాళ్ళుంటే చెయ్యెత్తండి. పేర్లు రాసుకుంటాం."

సూపర్‌వైజరు కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"రాసింది నేను. చెప్పింది అందరూ," అంది పంతులమ్మ. అని మా వైపు తిరిగింది.

నా చెయ్యి లేవలేదు. రోలర్లో పడింది నా చెయ్యి కాదు, బాగానే ఉంది, అయినా లేవలేదు. ఎవరిదీ లేవలేదు. ఆవరణలో అంతమందిమి తలలు వంచుకుని నిలబడ్డాం. పోలీసు జీపు అప్పటికే గేటు బయట ఉంది. ఆ పిల్ల చేతికున్న సిరా మరకలు కూడా కడుక్కోనివ్వకుండా తీసుకుపోయారు.

సాయంత్రం సిగ్గు చంపుకుని అయిదుగురం స్టేషనుకు వెళ్ళాం. మేం చెబితేనే రాసిందని ఎస్సైతో చెప్పాం.

"ఇక్కడికొచ్చి అయిదుగురు చెబితే చాలదమ్మా," అన్నాడు ఎస్సై, మొహం కూడా ఎత్తకుండా. "అందరికీ ఫ్లాస్కులు పంచుతారట. 'నేను చీటీలో కోరుకున్నది ఇదే, అందింది' అని సంతకాలు తీసుకుని తెచ్చిస్తామన్నారు మీ కంపెనీవాళ్ళు. ఆ సంతకాలొస్తే చీటీలు దొంగరాతలని తేలినట్టే. ఆ పిల్ల జైలుకి పోతుంది. సంతకాలు రాకపోతే నా దగ్గర కేసే లేదు."

పంతులమ్మ ఊచల వెనక నుంచి విన్నది. "పెట్టకండి పిన్నీ," అంది. "ఫ్లాస్కు లేకపోతే బతకలేమా మనం?"

మర్నాడు బాయిలరు వెనక అందరం కలిశాం. ఒకరినొకరు నానా మాటలూ అనుకున్నాం. నువ్వెందుకు చెయ్యెత్తలేదంటే నువ్వెందుకు ఎత్తలేదని. బాయిలర్ మామ నన్ను పట్టుకుని, "ఒక్క చేత్తో రాయించమన్న మహాతల్లివి నువ్వే కదా!" అన్నాడు. అన్నాడంటే అనడా మరి? ఏడుపొచ్చింది. చివరికి ఎవరూ సంతకం పెట్టకూడదని ఒట్లు పెట్టుకున్నాం. మొదటి ఒట్టు పిండే మిషను ఆమెది.

అభినందన దినం వచ్చింది. మైకు పెట్టారు. బల్ల మీద ఎర్ర ఫ్లాస్కులు గోపురంలా పేర్చారు. మూత మీద కంపెనీ పేరు. "మీరు మా కుటుంబం," అన్నాడు మేనేజరు. తర్వాత మొదటి పిలుపు పెద్దక్కకు వచ్చింది. కట్టు కట్టిన చేత్తోనే ఆమెను ఇంటి దగ్గర్నుంచి కారులో తీసుకొచ్చారు.

నా పక్కనుంచి పోతూ ఒక్క క్షణం ఆగింది. "సంతకం పెడితే గుర్తుల బల్ల దగ్గర పని ఇస్తారటే. లేకపోతే ఇంట్లో కూర్చోవడమేనట," అని గొణిగింది. పంతులమ్మ బల్ల అది! ఏమని తిట్టను? నాలుగు వేళ్ళు పోయిన మనిషిని ఏమని ఆపను? ఎడమచేత్తో కలం పట్టుకుని వంకర టింకరగా గీసింది. మేనేజరు చప్పట్లు కొట్టాడు.

అంతే. ఆ తర్వాత ఒట్లు ఎటు పోయాయో. పెద్దక్కే పెట్టింది, మనదేముంది అనుకుంటూ వరస కదిలింది.

నా వంతు వచ్చింది. సూపర్‌వైజరు ముందుకు వంగి మెల్లగా అడిగాడు: "ఏమ్మా, మీ కోడలు మడతల గదిలోనే కదా? రోలరు దగ్గర ఒక మనిషి తక్కువైంది, తెలుసుగా?"

నేను సంతకం పెట్టాను. పంతులమ్మ మొహం కళ్ళ ముందు కదులుతుండగానే పెట్టాను. ఫ్లాస్కు చంకలో పెట్టుకుని వచ్చాను.

పదకొండుమంది పెట్టలేదు. బాయిలర్ మామ పెట్టలేదు. ఫ్లాస్కు కోసం అల్లాడిన పిండే మిషను ఆమె పెట్టలేదు. సాయంత్రానికల్లా ఆ పదకొండుమందినీ గేటు బయటికి పంపేశారు. వారం తిరక్కుండా పంతులమ్మను జైలుకు తరలించారు. చూడ్డానికి పోతే రక్తసంబంధీకులైతేనే రానిస్తామన్నారు. పిన్ని అంటే చాలలేదు.

నా ఫ్లాస్కు పట్టుకుని పిండే మిషను ఆమె ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబెట్టింది. "తీసుకుపో. దాంట్లో నీళ్ళు మా అత్త గొంతు దిగవు," అంది. చెంప మీద కొట్టినా అంత నొప్పి పుట్టేది కాదు.

ఇక మిగిలింది నా కోడలి చేతులు. అవైనా దక్కాయి కదా అనుకున్నాను. పై సోమవారం దాన్ని రోలరు దగ్గర వేశారు. మాట మీద నిలబడేవాడే అయితే వాడు సూపర్‌వైజరు ఎందుకవుతాడు!

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంది. "పదీ ఉన్నాయి అత్తయ్యా," అంది. తర్వాత, "నా కోసం సంతకం పెట్టానని మాత్రం ఇంకెప్పుడూ అనకు. పంతులమ్మా లోపలే ఉంది, నేనూ రోలరు దగ్గరే ఉన్నాను. ఎవరికి ఏం ఒరిగింది?" అని అడిగింది. నేను లేచి పొయ్యి దగ్గరికి పోయాను.

మర్నాడు దుప్పట్ల బండి తోసుకుంటూ గుర్తుల బల్ల దగ్గరికి వెళ్ళాను. పెద్దక్క ఎడమచేత్తో నంబర్లు వేస్తోంది. అభినందన దినం తర్వాత మేమిద్దరం మాట్లాడుకోలేదు.

"పెద్దక్కా, ఈ సిరా పోదు కదూ?"

ఆమె నా వైపు చూసింది. నేనెందుకు అడిగానో అర్థమైంది. "గుడ్డ చిరిగినా పోదు," అంది. బండిలోంచి ఒక దుప్పటి లాగింది. ఎడమచేత్తో, పళ్ళు బిగబట్టి, అంచు మీద రాసింది: రోలరుకి అడ్డుకడ్డీ పెట్టించండి. మూడు మాటలు రాయడానికి చెమటలు కక్కింది. రాసి కలం నా చేతిలో పెట్టింది.

"నీది నువ్వే రాయి. మళ్ళీ ఇంకొకరి చేత రాయించకు," అంది.

అలా మొదలైంది. రాయడం రానివాళ్ళు ఆవిరి పట్టిన కిటికీ అద్దాల మీద వేలితో దిద్దారు. సూపర్‌వైజరు అడుగుల చప్పుడు వినిపిస్తే అరచేత్తో తుడిచేసేవాళ్ళు. వాళ్ళు ఇంకేమీ నేర్చుకోలేదు, ఆ మూడు మాటలే నేర్చుకున్నారు. ఒకామె రాత కొండెక్కుతున్నట్టు పైపైకి పోయేది. ఇంకొకామెది చీమలబారు. మూడు వారాలపాటు ఆ దుప్పట్లు ఆసుపత్రులకు పోయాయి, హోటళ్ళకు పోయాయి. రోగులు చదివారు, నర్సులు చదివారు, హోటల్లో దిగినవాళ్ళు చదివారు.

మూడు వారాలయ్యాక, ఈ రాతలేమిటన్న ఫిర్యాదులతో దుప్పట్లన్నీ తిరిగొచ్చాయి. ఎన్ని మందులు వేసి ఉడకబెట్టినా రాత పోలేదు.

మళ్ళీ అదే ఆవరణ. పదకొండుమంది గేటు బయట, పంతులమ్మ జైల్లో, వందమందిమి లోపల. దుప్పట్లన్నీ వరసగా పరిచారు. మేనేజరు పిలిపించిన ఎస్సై వంగి వంగి చూసుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళి వచ్చాడు.

"ఏ రెండూ ఒకలా లేవే," అన్నాడు మేనేజరుతో.

మేనేజరు ఈసారి బాధ నటించలేదు. "ఎవరు రాశారు? చెయ్యెత్తండి. గేటు బయట మూడొందలమంది పని కోసం నిలబడి ఉన్నారు, గుర్తుపెట్టుకోండి!"

నిజమే, నిలబడి ఉన్నారు. కడుపు కాలినవాళ్ళు, మాలాంటివాళ్ళు. చెయ్యెత్తితే పని పోతుందని మాకు తెలుసు. పంతులమ్మ ఆ సాయంత్రానికి ఇంటికి రాదనీ తెలుసు. కడ్డీ ఆ గోడకే ఆనుకుని ఉంటుందని, రేపు ఆ రోలరు ముందు ఇంకెవరి కోడలో నిలబడుతుందని కూడా తెలుసు. చాలాసేపు ఎవరూ కదల్లేదు. మళ్ళీ అంతేనా అనుకున్నాను.

అప్పుడు మొదటి చెయ్యి లేచింది. దానికి వేళ్ళు లేవు, బొటనవేలు ఒక్కటే ఉంది. పెద్దక్క ఎడమచెయ్యి ఎత్తితే సరిపోయేది, రాసింది దాంతోనే. కావాలని కుడిది ఎత్తింది.

ఆ వెనకే నా కోడలి చెయ్యి లేచింది. ఆ తర్వాత అటొకటి, ఇటొకటి, ఎవరివో చూడ్డానికి కూడా కుదరలేదు. సూపర్‌వైజరు పేర్లు రాసుకోబోయి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కలం పట్టుకుని నిలబడిపోయాడు.

నేను నా చెయ్యి ఎత్తాను. పంతులమ్మ మా వైపు తిరిగి చూసిన రోజున ఎత్తాల్సిన చెయ్యి అది. ఆలస్యమైంది.

"రాసుకో సారూ," అన్నాను ఎస్సైతో, కాళ్ళ దగ్గర పరిచిన దుప్పటి చూపించి. "ఆ చేతిరాత నాది."