పూత మీదున్న జనుము

ఆ చేను పెద్దాయనది. కాలు చెడ్డాక సాగు తమ్ముడి కూతురికి అప్పగించాడు గానీ, పెత్తనం మాత్రం వదల్లేదు. పొద్దున్నే గట్టు మీదికి రావడం, ఏదో ఒక వంక పెట్టి వెళ్ళడం ఆయనకి అలవాటు. ఏటా మొక్కజొన్నే వేసి, బస్తాలకి బస్తాలు ఎరువు గుమ్మరించిన నేల అది. వాన కురిస్తే నీళ్ళు పైపైనే జారిపోయేవి. ఎండ కాస్తే పలక కట్టేసేది.

కోతలయ్యాక ఆ అమ్మాయి చేను ఖాళీగా వదలకుండా జనుము చల్లింది.

"గొడ్డూ గోదా లేని ఇంటికి మేతెందుకే?" అన్నాడు పెద్దాయన.

"గొడ్లకి కాదు పెదనాన్నా, నేలకి. పూత రాగానే దున్ని మట్టిలో కలిపేస్తే కుళ్ళి ఎరువవుతుంది."

ఆయన సగమే విన్నాడు. జనుము నడుమెత్తు లేచి, పసుప్పచ్చగా విరగబూసింది. ఆ చేలో అంత కళ చూసి ఎన్నేళ్ళయిందో! వంకలు మానేసి, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ చూపించాడు.

అందుకే దున్నడానికి ట్రాక్టరు వచ్చిన రోజు వెళ్ళి దాని ముందు చతికిలబడ్డాడు.

"పూసిన చేను తొక్కిస్తావా? కళ్ళు పోతాయి! నా కంఠంలో ప్రాణముండగా జరగనివ్వను."

"ముదిరితే కాడ నార తేలుతుంది. తొందరగా కుళ్ళదు, పెదనాన్నా."

ఆయన కదల్లేదు. డ్రైవరు కాసేపు చూసి, "మీలో మీరు తేల్చుకుని కబురు పెట్టండమ్మా," అని బండి తిప్పుకుపోయాడు.

ఆమె పోట్లాడలేదు. ఆయన దిగొచ్చేసరికి ట్రాక్టరు వేరే పొలాల్లో ఉంది. ఆపైన ముసురు పట్టింది. చివరికి దున్నేనాటికి పువ్వు రాలి కాయ కట్టింది. కాడలు తాళ్ళలా నాగళ్ళకి చుట్టుకుంటుంటే, డ్రైవరు మాటిమాటికీ దిగి కత్తితో కోసుకోవలసి వచ్చింది. పెద్దాయన గట్టు మీంచి అంతా చూశాడు.

తర్వాత వేసిన మొక్కజొన్న మొలిచింది గానీ, ఆకులు పాలిపోయాయి. పక్క చేను రైతు నవ్వాడు: "మీ నేలకి తిన్నది అరగలేదల్లే ఉంది!"

"నా వల్లేనా?" అని అడిగాడు పెద్దాయన ఆ సాయంత్రం.

"కొంత నీ వల్ల, కొంత వాన వల్ల," అంది ఆమె మామూలుగా. "కాడలు కుళ్ళేదాకా మొక్కకి దక్కాల్సిన బలం అవే లాక్కుంటాయి. ఆగుదాం."

ఆమె అరిచి ఉంటే ఆయనా అరిచేవాడు. అరవలేదు కాబట్టి ఆమె మాట ఆయన లోపలే ఉండిపోయింది.

పైరు ఆలస్యంగా తేరుకుంది. దిగుబడి ఎప్పటంతే వచ్చింది, గొప్పేమీ లేదు. కాకపోతే పెద్ద వాన పడినప్పుడు పక్క చేలో నీళ్ళు మడుగు కడితే, వీళ్ళ చేలో ఇంకిపోయాయి. కలుపు పీకుతుంటే వేళ్ళతో పాటు మట్టి పొడిపొడిగా, వానపాములతో లేచింది. పెద్దాయన ఓ గుప్పెడు చేతిలోకి తీసుకుని చాలాసేపు నలిపాడు.

మరుసటేడు కోతలు కాకముందే, "జనుము విత్తనాలు తెప్పించావా?" అని ఆయనే అడిగాడు.

మళ్ళీ చేను పూసింది. దున్నే రోజు ఆయన పొలం వైపు రాలేదు. ఇంట్లో తలుపులు మూసుకుని, రేడియో గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆమె మట్టికాళ్ళతో వచ్చింది.

"అయిందా?"

"అయింది."

"సరే, కాళ్ళు కడుక్కో. అన్నం పెట్టుకుందాం," అన్నాడు.