లియొనెల్ జోస్యాల పేజీ

పదికి ఏడు మార్కులు వేసుకుని లియొనెల్ పాడ్‌మోర్ బిస్కెట్టును టీలో ముంచాడు. క్రిస్మస్ వెళ్లిపోయి కొత్త సంవత్సరం ఇంకా రాని ఆ ఖాళీ రోజుల్లో, నిరుడు తాము చెప్పిన రాజకీయ జోస్యాలకు తామే మార్కులు వేసుకోవడం లండన్ విలేకరులకు ఆనవాయితీ. పరీక్ష రాసేదీ వాళ్లే, దిద్దేదీ వాళ్లే. "మంత్రివర్గంలో మార్పులు ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు" అన్నది అక్షరాలా నిజమైందా లేదా? దానికి పూర్తి మార్కులు.

మనిషీ ఆ వాక్యం లాంటివాడే. బట్టతల అందామంటే నాలుగు వెంట్రుకలు అడ్డం, జుట్టు అందామంటే తల అడ్డం. కోటు నీలమో బూడిదో దాన్ని కుట్టినవాడికే తెలియాలి. హిల్డాను పెళ్లికి అడిగినప్పుడు కూడా "మన వివాహాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం" అన్నాడట. ఆవిడ పెళ్లయ్యాక కొన్నేళ్లు ఓపిక పట్టి, సూటిగా మాట్లాడే ప్లంబర్‌తో వెళ్లిపోయింది.

ఎడిటర్ బెవర్లీ వచ్చి అతని బల్ల అంచున కూర్చుంది. వయసులో అతని కూతురంత ఉంటుంది.

"లియొనెల్, ఈసారి మీ 'వచ్చు'లూ 'ఏమో'లూ నాకొద్దు. ప్రధాని ఉంటుందా, ఊడుతుందా? ఒక్క ముక్కలో చెప్పండి. ఎవరన్నారో కూడా చెప్పాలి. లేదంటే మీ పేజీ రాశిఫలాల ఆవిడకిచ్చేస్తా. ఆవిడకి ధైర్యమైనా ఉంది."

ఆ పేజీ తప్ప లియొనెల్‌కు వేరే పని లేదు. నిజం చెప్పాలంటే వేరే జీవితమూ లేదు. పార్లమెంటుకు సెలవులు. వెతకగా వెతకగా, ఇంట్లోవాళ్లు కూడా విహారానికి వెంట తీసుకెళ్లని ఎంపీ ఒకడు పబ్బులో దొరికాడు. పేరు జాస్పర్ క్రంప్. లియొనెల్ అతనికి మాంసం కూరిన రొట్టె, బీరు ఇప్పించాడు.

"ఏంటి పెద్దాయనా, నువ్వు డబ్బు తీశావంటే దేశానికేదో మూడినట్టే!"

"ప్రధాని సంగతేంటి గురువా?"

జాస్పర్ అటూ ఇటూ చూశాడు. వినడానికి అక్కడున్నది నిద్రపోతున్న కుక్క ఒక్కటే.

"మేలో స్థానిక ఎన్నికలయ్యేసరికి ఇంటికే. ఖాయం. నా పేరు మాత్రం వెయ్యకు. 'సీనియర్ వర్గాలు' అని రాసుకో."

"నువ్వు గెలిచింది నిన్నగాక మొన్నేగా?"

"పొగిడితే నీదేం పోయిందయ్యా?"

ఆఫీసుకు తిరిగొచ్చి లియొనెల్ టైపు కొట్టాడు: ప్రధాని మేలో దిగిపోతుంది. ఒట్టి వాక్యం, ముందూ వెనకా ఏ ఆసరా లేకుండా నిలబడింది. దాన్ని చూసి అతని వెన్ను కూడా కాస్త నిటారైంది.

బెవర్లీ చదివి, ఎవరన్నారో అడిగి తెలుసుకుంది. "బాగుంది. మరి జాస్పర్‌కెవరు చెప్పారు?"

లియొనెల్ ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"మా పార్టీ విప్ చెప్పాడు. ఆయనది పక్కా సమాచారం," అన్నాడు జాస్పర్ నోటినిండా తింటూనే.

"ఆయనకెవరు చెప్పారు?"

"నువ్వేగా! క్రిస్మస్ విందులో చెవిలో ఊదావంట. లేకపోతే నేనెందుకు నమ్ముతాను?"

లియొనెల్‌కు లీలగా గుర్తొచ్చింది. ఆ విందులో విప్ "ఏంటి విశేషాలు?" అని అడిగాడు. తన దగ్గర ఏ విశేషమూ లేక, లేదనడానికి మొహం చెల్లక, నోటికొచ్చిందేదో అన్నాడు. ఆ ముక్కే ఊరంతా తిరిగి ఇప్పుడు వార్తయి ఇంటికొచ్చింది.

బెవర్లీ నవ్వలేదు. "పోనీ, మీరేమనుకుంటున్నారు? మీరు. అదే రాయండి, వేస్తాను."

లియొనెల్ తెరకేసి చూశాడు. ఎంత వెతుక్కున్నా లోపల ఏ అభిప్రాయమూ తగల్లేదు. వేళ్లు మాత్రం వాటి దారిన అవి కదిలాయి. ప్రధాని మేలో దిగిపోవచ్చు.

"అంతేనా లియొనెల్?"

"అంతకుమించి చెప్పలేం."

"సరే," అని ఆమె లేచి, రాశిఫలాల ఆవిడకు ఫోన్ చేసింది.

లియొనెల్ కోటు తొడుక్కున్నాడు. ఎవరూ తలెత్తలేదు. కింద తలుపు దగ్గర కాపలా కాసే విన్‌స్టన్ అలవాటుగా అడిగాడు: "సోమవారం వస్తారుగా సార్?"

"రాను," అన్నాడు లియొనెల్.

పైన అతని బల్ల మీద, సిరా కంపెనీవాళ్లు పంచిన కొత్త సంవత్సరం క్యాలెండరు, ప్లాస్టిక్ తొడుగు కూడా చించకుండా అలాగే పడి ఉంది.