మేకుల డబ్బా

ఓదెలు అరచెయ్యి చింతమొద్దు మీద పాకుతోంది. కళ్లు మూసుకున్నాడు. బెరడు కింద చిన్న బొడిపె తగలగానే ఆగి, గొడ్డలితో చెక్క చీల్చి, తుప్పు పట్టిన మేకును పటకారుతో పీకి పాలపొడి డబ్బాలో వేశాడు. ఠంగుమంది.

పట్నం చెట్టుకు ఒళ్లంతా మేకులే. ట్యూషన్ బోర్డులు, లీడర్ల ఫ్లెక్సీలు, బోనాల బల్బుల తీగలు, అన్నీ దానికే కొడతారు. అది వాటిని మింగి, పైన బెరడు కప్పుకుని ఊరుకుంటుంది. రంపానికి ఒక్క మేకు తగిలినా మనిషి ప్రాణం మీదికొస్తుంది.

ఫలక్‌నుమా రైలు పట్టాల పక్కనున్న ఈ కట్టెల టాల్‌లో, అంటే అడితిలో, ఓదెలు ఇరవై ఎనిమిదేళ్లు గొడ్డలితో కట్టెలు కొట్టాడు. ఎడమచేతి వేళ్లు రెండు ఆ గొడ్డలికే పోయాయి. నిరుడు సేటు ప్రేమ్‌రాజ్ ట్రాక్టరుతో తిరిగే రంపపు చక్రం తెచ్చాక అతనికి మిగిలింది ఈ తడిమి చూసే పనొక్కటే. అందుకే రోజూ సాయంత్రం డబ్బాను సేటు ముందు గలగలలాడించి గాని ఇంటికి పోడు. నేనింకా పనికొస్తానని చెప్పడానికి పాపం, అంతకన్నా మాట రాదు అతనికి.

ట్రాక్టరు నడిపే దుర్గయ్య సీటు మీదినుంచి నవ్వాడు.

“ఓదెలన్నా, ఇగ నీ చేతికి రెస్టే! మాల్ గేటు కాడ ఒంటి మీద తిప్పుతరు సూడు, గా మిషను బేగంబజార్ల దొరుకుతదంట. లోపల ఇనుప మొల ఉంటే టింగుమంటది. సేటుకు చెప్పిన.”

ఓదెలుకు ఒళ్లు మండిపోయింది. కాలర్ పట్టి కిందికి గుంజాడు.

“నా బువ్వ మీద కొడ్తవారా!”

చెంప పగలగొట్టాడు. దుర్గయ్య మోకాలితో కడుపులో పొడిచాడు. ఇద్దరూ రంపపుపొట్టులో పడి దొర్లారు. దుర్గయ్య పెదవి చిట్లింది. ఓదెలు కుడి అరచెయ్యి ట్రాక్టరు కొక్కేనికి తగులుకుని మణికట్టు దాకా చీలింది.

“క్యా లొల్లి హై రే?” సేటు గదిలోంచి అరిచాడు. “రెండింటికల్లా దావత్ వంటకు కట్టెలు పోవాలె. పని జూడుండ్రి!”

ఓదెలు తువాలు చింపి చేతికి బిగించి చుట్టాడు. నెత్తురు ఊరుతూనే ఉంది. మొద్దును తడిమితే గుడ్డ మీదినుంచి ఏమీ తెలియడం లేదు. ఎడమ చెయ్యి పెట్టి చూశాడు. వేళ్లు తెగిననాటి నుంచి దానికి స్పర్శ అంతంతమాత్రమే. ఆ మాట పైకి చెబితే రేపే మిషను వస్తుంది. భయమేసింది. మొద్దును చక్రం ముందుకు దొర్లించాడు.

చక్రం కీచుమంటూ తిరుగుతోంది. దుర్గయ్య ఆ కట్టు వంక చూశాడు.

“చెయ్యి గట్లుంటే ఎట్ల తెలుస్తదే? నిజం చెప్పు. మొలలున్నయా?”

“లెవ్వు. కానియ్.”

ఓదెలు మొద్దును ఛాతీతో నెట్టాడు. సగందాకా మెత్తగానే కోసుకుపోయింది. ఆపైన నిప్పురవ్వలు లేచాయి. విరిగిన రంపపు ముక్క ఎగిరొచ్చి అతని మెడలో దిగింది.

దుర్గయ్య ఇంజను ఆపి దూకాడు. రెండు చేతులతో ఆ మెడను అదిమిపట్టాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు తన్నుకొస్తోంది.

“అన్నా, ఓ అన్నా! ఊకెనే అన్ననే! సేటుకేం చెప్పలే. మిషను లేదు, ఏం లేదు!”

ఓదెలు విన్నాడో లేదో. దుర్గయ్య చొక్కా పట్టుకున్న అతని వేళ్లు మెల్లగా వదిలేశాయి.

సాయంత్రం, శవాన్ని తీసుకుపోయాక, దుర్గయ్య ఆ మొద్దు ముందు చాలాసేపు కూర్చున్నాడు. సగం తెగిన మేకును పటకారుతో పీకి డబ్బాలో వేశాడు. సేటు గది దాకా మోసుకెళ్లాడు గాని, ఆడించడానికి చేతులు రాలేదు.

డబ్బా గడప మీదే ఉండిపోయింది, మూతి దాకా మేకులతో.